మంచం దగ్గరికి వెళ్ళి రాయమన్న నర్సమ్మగారు

"అన్నయ్యా, లిస్టులోంచి అమ్మ పేరు తీసెయ్యండి."

పోయిన మంగళవారం ఉదయం ఆఫీసు మీటింగ్‌లో నా వంతు రాబోతుండగా ఫోన్‌లో ఈ మెసేజ్ వచ్చింది. పంపింది నర్సమ్మగారి అమ్మాయి. నిమిషం తర్వాత రెండోది వచ్చింది. "ఇందాక ఆరింటికి అమ్మ ప్రభువునందు నిద్రించింది." ఏది ముందు చెప్పాలో ఆమెకు తోచలేదు కాబోలు. మీటింగ్‌లో నా పేరు పిలిచారు. నిన్న చేసిన పనేమిటో, ఇవాళ చేయబోయేదేమిటో చెప్పాను. గొంతు కూడా మారలేదు. నాకు చాలాకాలంగా ఉన్న జబ్బే అది. లోపల ఏం జరిగినా బయట పని నడిచిపోతూనే ఉంటుంది. ఆ జబ్బును కనిపెట్టిన ఒకే ఒక్క మనిషి ఆ రోజు పొద్దున వెళ్ళిపోయారు.

లిస్టు సంగతి ముందు చెప్పాలి. అమెరికాలో, మోరిస్‌విల్‌లో మాది చిన్న తెలుగు క్రైస్తవ సంఘం. అమెరికన్ చర్చి ఒకదాని వెనకున్న హాలును ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకుని ఆరాధన చేసుకుంటాం. మాలో ఎక్కువమంది గోదావరి, కృష్ణా, గుంటూరు వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్ళు. హాల్లో కుర్చీలు వేయడం, మైకులు సరిచూడటం, పాటలు తెరమీద నడిపించడం నా వంతు. వీటితోపాటు ప్రతి శనివారం ప్రార్థన విన్నపాల లిస్టు తయారు చేయాలి. ఎవరికి ఒంట్లో బాగాలేదు, ఎవరి ఉద్యోగం పోయింది, ఎవరి వీసా ఆగిపోయింది, ఇండియాలో ఎవరి తల్లిదండ్రులు ఆస్పత్రిలో ఉన్నారు, అన్నీ రాసి ఫోన్‌లో సంఘం గ్రూపులో పెట్టాలి. పదకొండేళ్ళుగా ఆ పని నాదే. ఇంకెవరూ తీసుకోలేదు గనుక నాదే.

నర్సమ్మగారికి ఫోన్‌లో అక్షరాలు ఆనవు. అందుకని ఆవిడ ఒక్కరికి మాత్రం పెద్ద అక్షరాలతో కాగితం మీద ప్రింట్ తీసి ఇచ్చేవాణ్ణి. మిగిలినవాళ్ళం గ్రూపులో చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి మా పని మేం చూసుకునేవాళ్ళం. ఆ లిస్టును నిజంగా పట్టుకుని కూర్చుని ప్రతి పేరూ దేవుడి దగ్గర ఎత్తేది, నాకు తెలిసినంతలో, ఆవిడే.

ముప్ఫై ఏళ్ళకు పైగా కోస్తాలో ఒక మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి, రిటైరై, భర్త పోయాక కూతురి దగ్గరికి వచ్చేశారు. వాచీని మణికట్టు లోపలివైపుకు తిప్పి పెట్టుకునేవారు. "వందనాలు బాబూ" అంటూ చెయ్యి పట్టుకుంటే రెండు వేళ్ళు వాటంతటవే నాడి మీదకు పోయేవి. పిల్లలు దాన్ని ఒక ఆటగా చేసుకుని, ఆదివారం వరసగా నిలబడి చేతులు చాపేవాళ్ళు. "ఆంటీ, ఆమ్ ఐ ఓకే?" అంటే, "నీకేం, గుర్రంలా ఉన్నావు, పో" అని పంపేసేవారు. ప్రార్థన మాత్రం చాలా పొట్టిగా చేసేవారు. మా సంఘంలో ఒక్కొక్కరు ప్రార్థన మొదలుపెడితే వంటింట్లో బిర్యానీ చల్లారిపోతుంది. ఆవిడది నాలుగు మాటల్లో అయిపోయేది. రోజూ లేవగానే చేసే ప్రార్థన ఏమిటని ఒకసారి మా ఆవిడ అడిగితే చెప్పారట: "నిన్నటి గుండెతో ఇవాళ లాక్కురాలేను తండ్రీ, కొత్తది ఇయ్యి అంటానమ్మా. అంతే."

నా గుండె సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. విశ్వాసం పోయిందని కాదు. పోయి ఉంటే కనీసం పోట్లాడటానికి ఏదైనా ఉండేది. ఎండిపోయింది, అంతే. పాటలో ఏ చరణం తర్వాత ఏది వస్తుందో చేతికి తెలుసు కాబట్టి తెర మారేది, పెదాలు కదిలేవి. ఏటా ఉజ్జీవ కూడికలు, చల్లారిన విశ్వాసాన్ని మళ్ళీ రగిలించే సభలు, పెడతాం. డల్లాస్ నుంచో, హైదరాబాద్ నుంచో బోధకుడు వస్తారు. "నీ హృదయం నూతనపరచబడాలి" అని ఆయన గట్టిగా అంటారు, జనం ఏడుస్తారు. నేను వెనకాల సౌండ్ బాక్సు దగ్గర నిలబడి ఆయన కేకకు మైకు కీచుమనకుండా చూస్తూ, ఈ కుర్చీలన్నీ ఎవరు మడతపెడతారా అని లెక్కేసుకునేవాణ్ణి. అలా ఎన్ని ఉజ్జీవాలు నా చేతుల మీదుగా జరిగిపోయాయో.

మూడేళ్ళ కిందట, చలికాలంలో, నేను చేసిన తప్పు బయటపడింది.

మా సంఘంలో తబలా వాయించే తమ్ముడొకడున్నాడు. వాళ్ళ నాన్నగారికి పాలకొల్లులో కిడ్నీ ఆపరేషన్ జరిగింది. "కోలుకోవాలని" అని లిస్టులో రాశాను. ఆయన కోలుకోలేదు, పోయారు. తమ్ముడు వెళ్ళి భూస్థాపన చేసి వచ్చాడు. ఇక్కడ మా హాల్లోనే జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. కుర్చీలు వేసింది నేనే. ఆయన ఫొటోను తెరమీద పెట్టిందీ నేనే. అయినా ప్రతి శనివారం పాత లిస్టును కాపీ చేసి, పైన తేదీ మార్చి, గ్రూపులో పడేస్తూ వచ్చాను. పాలకొల్లు పెద్దాయన కోలుకోవాలని ఐదు వారాలు సంఘమంతా చేతులు జోడించిన బొమ్మలు పెట్టింది. ఒక్కరూ గమనించలేదు. ఎవరూ చదవడం లేదని నాకు అప్పుడే తెలిసింది. రాసేవాడే చదవనప్పుడు వాళ్ళని ఏమనను?

నర్సమ్మగారు ఆ వారాల్లో దగ్గుతో ఇల్లు కదల్లేదు. మా ఆవిడ కాగితం తీసుకెళ్ళి ఇచ్చేది. పెద్దాయన పోయిన కబురు ఆవిడ దాకా రాలేదు. ఆరో శనివారం తబలా తమ్ముడికి ఫోన్ చేసి, మీ నాన్నగారికి ఎలా ఉందని అడిగారట. తర్వాత నాకు చేశారు.

"బాబూ, ఆ అబ్బాయి నాన్నగారు పోయి నెల దాటిందటగా?"

"అవునమ్మా" అన్నాను. అన్నాక గానీ నాకు వెలగలేదు.

"మరి నేను ఇవాళ పొద్దున కూడా ఆయన కిడ్నీ కోసం అడిగాను."

ఆవిడ గొంతులో కోపం లేదు. "సాయంత్రం ఓసారి కారేసుకుని రా" అని పెట్టేశారు.

తిట్లు తినడానికి సిద్ధపడే వెళ్ళాను. ఆవిడ వంటింటి బల్ల దగ్గర శాలువా కప్పుకుని కూర్చుని ఉన్నారు. కూతురు టీ ఇచ్చి పైకి వెళ్ళింది. కాసేపు దగ్గి, ఊపిరి తీసుకుని, చెప్పారు.

"నాకు ఇరవై రెండేళ్ళు బాబూ అప్పుడు. ఆడవాళ్ళ వార్డులో చివరి మంచం మీద ఒక ముసలామె. రోజూ ఒకటే టెంపరేచర్. మధ్యాహ్నం డ్యూటీ, కాళ్ళు పీకేస్తున్నాయి. అంతదూరం ఏం నడుస్తాంలే అని బల్ల దగ్గరే కూర్చుని, పొద్దున రాసిందే చార్టులో మళ్ళీ రాసేశాను. మేట్రన్‌గారు వచ్చి దుప్పటి తీసి చూశారు. ఆమె ఎప్పుడు పోయిందో ఏమో, చల్లబడిపోయి ఉంది. చచ్చిపోయినామెకి నాడి డెబ్భై రెండని రాశాను నేను."

"మేట్రన్‌గారు ఏమన్నారమ్మా?"

"ఏమీ అన్లేదు. స్టూల్ వేశారు. ఆమె వాళ్ళు వచ్చేదాకా పక్కన కూర్చోమన్నారు. కూర్చున్నాను. అప్పుడొచ్చింది ఏడుపు. అంతకుముందు ఎన్ని నెలలో, ఎవరు పోయినా నాకేమీ వచ్చేది కాదు. నేను నర్సునే కాదేమో అనుకునేదాన్ని."

నేను అప్పుడు చెప్పేశాను. పదేళ్ళుగా ఎవరికీ చెప్పనిది ఆ బల్ల దగ్గర చెప్పాను. "నాకేమీ అనిపించట్లేదమ్మా. పాటల్లో లేదు, ప్రార్థనలో లేదు. మీటింగులన్నీ పెడతాను, నాకే ఏమీ తగలదు."

"అనిపించడం సంగతి నాకు తెల్దు బాబూ. వార్డులో జాలి కలిగేదాకా ఆగి ఉంటే ఒక్క దుప్పటి మార్చేవాళ్ళం కాదు. మారుస్తుంటే ఎప్పుడో వచ్చేది. ఒక్కోరోజు వచ్చేది కూడా కాదు. లే, ఆ అబ్బాయింటికి పోదాం."

చలిలో, ఆ దగ్గుతో, వద్దంటే వినలేదు. తబలా తమ్ముడి అపార్ట్‌మెంట్ రెండో అంతస్తు. మెట్టుమెట్టుకీ ఆగుతూ ఎక్కారు. తలుపు తీయగానే నేను చెప్పాల్సింది చెప్పాను. చూసుకోలేదని, క్షమించమని. ఇంకేం చెప్పినా సాకే అవుతుంది.

అతను నర్సమ్మగారికి కుర్చీ వేశాడు. "ప్రతి శనివారం చూసేవాణ్ణన్నా గ్రూపులో. మొదటి వారం కోపమొచ్చింది. నీతో మాట్లాడకూడదనుకున్నా. తర్వాత వారం..." అని ఆగాడు. "తర్వాత, నువ్వెక్కడ తీసేస్తావో అని భయపడ్డా. తీసేస్తే నాన్న నిజంగా పోయినట్టే కదా అని."

నర్సమ్మగారు ఒక చేత్తో అతని మణికట్టు, ఇంకో చేత్తో నాది పట్టుకున్నారు. వేళ్ళు నాడి మీద ఉన్నాయి. ప్రార్థన చేస్తారనుకున్నాను. చేయలేదు, ఊరికే పట్టుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. అది గొప్ప ఉజ్జీవమని నేననను. సిగ్గు, జాలి, అలసట అన్నీ కలిసి వచ్చాయి. కానీ వచ్చింది. దిగేటప్పుడు ఆవిడ అన్నది ఒక్కటే: "ఇకమీద మంచం దగ్గరికి వెళ్ళి రాయి."

అప్పటినుంచి శనివారం పొద్దున లిస్టులో ఉన్న ప్రతి ఇంటికీ ఫోన్ చేయడం మొదలుపెట్టాను. చేసి, విని, అప్పుడు రాస్తాను. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. ఆ వారమంతా ఆఫీసులో నలిగి, శనివారం లేచి, ఇంకొకరి మోకాళ్ళ నొప్పి అరగంట వినడం నాకు చేతనయ్యే పని కాదు. చాలా శనివారాలు విసుగ్గానే చేశాను. ఇప్పటికీ అంతే. కొన్నిసార్లు మాత్రం, అవతల ఎవరో తమ బాధ చెబుతూ చెబుతూ గొంతు జీరబోయినప్పుడు, నా లోపల కూడా ఏదో కదిలేది. అది పెద్ద సంగతేమీ కాదని నర్సమ్మగారి దగ్గర తీసిపారేసినట్టు మాట్లాడితే, "నాడి అందిందంటే చాలు బాబూ, అప్పుడే పరిగెత్తమంటామా?" అనేవారు. నన్నింకా డిశ్చార్జి చెయ్యరా అని ఒకసారి సరదాకి అడిగాను. "బతికున్నవాళ్ళ చార్టు మూసెయ్యరు" అన్నారు, పెన్సిల్ చెక్కుకుంటూ.

ఆ పెన్సిల్ బ్లేడుతో చెక్కిన పొట్టిది. విన్నపం నెరవేరితే ఆ పేరు మీద గీత కొట్టేవారు. ఉద్యోగం దొరికితే గీత. ఆపరేషన్ సవ్యంగా అయితే గీత. నెరవేరనిదాన్ని పక్క కాగితం మీదకు మళ్ళీ ఎత్తి రాసుకునేవారు.

ఈ వసంతంలో ఆయాసం ఎక్కువైంది. కార్ల మీదా కిటికీల మీదా పసుపులా పుప్పొడి రాలే రోజులవి. కిటికీ తీయొద్దని డాక్టర్లు, తీయమని ఆవిడ. లిస్టులో ఆవిడ పేరు చేర్చాల్సి వచ్చినప్పుడు ఫోన్ చేశాను. "ఏమని రాయమంటారమ్మా?" చాలాసేపు ఊపిరి వినిపించింది. "ఆయాసం తగ్గాలని రాయి. తగ్గకపోతే విసుక్కోకుండా ఉండాలని రాయి" అన్నారు. రెండూ రాశాను.

సమాధి కార్యక్రమం శుక్రవారం అయింది. కుర్చీలు ఎప్పట్లాగే నేనే వేశాను. తబలా తమ్ముడు వచ్చి నాతో పాటు మడతపెట్టాడు. అంతా అయ్యాక నర్సమ్మగారి అమ్మాయి ఒక గుడ్డసంచి నా చేతికిచ్చింది. "అమ్మ బైబిలు పక్కనే ఉండేవి అన్నయ్యా. మీవే కదా."

కారులో కూర్చుని తీశాను. నేనిచ్చిన ప్రింట్లన్నీ, ఆరేళ్ళవి, వారాల వరసలో ఉన్నాయి. అన్నిటి మీదా పెన్సిల్ గీతలు. పాలకొల్లు పెద్దాయన పేరు మీద గీతకు బదులు "క్షమించు" అని చిన్నగా రాసుకున్నారు. ప్రతి కాగితానికీ అడుగున, నేను టైపు చేయని పేరు ఒకటి ఉంది: లిస్టు రాసే బాబు. మొట్టమొదటి కాగితంలోనూ ఉంది. అంటే నేను తప్పు చేయకముందే, నాకేమీ అనిపించట్లేదని ఎవరికీ చెప్పకముందే ఉంది. దేనికోసమో రాయలేదు. ఎక్కడైనా గీత కొట్టారేమోనని చివరి వారం దాకా వెతికాను. ఒక్క కాగితంలోనూ లేదు. పార్కింగులో అందరూ వెళ్ళిపోయేదాకా అక్కడే కూర్చుండిపోయాను.

నిన్న శనివారం. నిద్రలేవాలనిపించలేదు. లేచాను. వరసగా అందరికీ ఫోన్ చేశాను. ఒకాయన ఎత్తలేదు, మళ్ళీ చేశాను. ఆవిడ పేరూ, ఆవిడ చెప్పిన రెండు వాక్యాలూ తీసేశాను. తీసేశాక తబలా తమ్ముడు ఆ రోజు అన్న మాట అర్థమైంది. గ్రూపులో పెట్టి, అలవాటుగా పెద్ద అక్షరాలతో ఒక ప్రింట్ కూడా కొట్టేశాను. తీసుకునేవాళ్ళు లేరని కాగితం బయటకు వచ్చాక గుర్తొచ్చింది.

అది ఇంకా ప్రింటర్ మీదే ఉంది. అడుగున, ఆవిడ నన్ను రాసుకునే చోట, ఒక పేరు పట్టేంత ఖాళీ ఉంది. సంచిలో దొరికిన ఆ పొట్టి పెన్సిల్‌ని దాని మీద పెట్టి ఉంచాను.