చిలుక్కొయ్యకు తగిలించిన తులసిమాల

మా ముందరి గదిలో కిరాయికుండే పిల్ల ఆదిభట్లలో ఒక కంపెనీ గేటు దగ్గర కాపలా పని చేస్తుంది. వానాకాలంలో ఆమె బట్టలు సరిగా ఆరవు. పొద్దున్నే ఇస్త్రీపెట్టె ఆనించగానే తడి ఖాకీ వాసన, గంజి వాసన కలిసి వంటింటి దాకా వస్తాయి. ఎనభై దాటినా ఆ వాసన తగిలితే నా కళ్లు వాటంతటవే గోడమీద చిలుక్కొయ్య కోసం వెతుకుతాయి.

ఇబ్రహీంపట్నంలో మా పాత ఇంటి అర్రలో నల్లబడిన టేకు చిలుక్కొయ్య ఒకటి ఉండేది. మా బాపు నిజాం పల్టన్‌లో సిపాయి, పండరి భజనలో తులసిమాల వేసుకున్న మనిషి కూడా. మాల వేసుకున్నవాడు నీసు ముట్టకూడదు, ఏ జీవినీ కొట్టకూడదు. మాల ఉన్న ఇంకో మనిషి ఎదురైతే కులం, వయసు చూడకుండా, చేతిలో ఏమున్నా కింద పెట్టి, వంగి పాదాలు ముట్టాలి. అవతలి మనిషీ అట్లాగే వంగాలి. సెలవు మీద వచ్చినప్పుడు బాపు ఖాకీ బట్టలు సందుగలో పడేసి, మాల వేసుకుని, చీమల పుట్టలకు నూకలు చల్లుతూ, మాకు మక్కకంకులు కాల్చి ఉప్పూ కారం రాసి ఇస్తూ, ఇంకో మనిషిలా ఉండేవాడు. పల్టన్‌కు పోయే రోజు తలస్నానం చేసి, మాల తీసి కొయ్యకు తగిలించి, "పాండురంగా, జర కండ్లు మూసుకో" అని ఖాకీ తొడుక్కునేవాడు.

అక్కడ ఏం పని చేస్తావని అమ్మ ఒకసారి అడిగింది.

"దేవున్నే కండ్లు మూసుకొమ్మన్న. నువ్వు తెరుస్తవానే?" అన్నాడు.

నిద్ర లేవగానే నేను కొయ్య చూసేదాన్ని. మాల వేలాడుతుంటే బాపు లేడన్నట్టు. ఆ రోజు కుక్క మొరిగినా అమ్మ పక్కకు జరిగేదాన్ని.

గోడ అవతల దూదేకుల ఖాసిం కాక ఇల్లు. పొద్దంతా ఆయన విల్లు టుంయ్ టుంయ్‌మని దూదిని ఏకుతుంటే, ఆ దూది పింజలు మా రొట్టెల మీద, కుండల మీద, గచ్చకాయలాడే మా ఒళ్లో వాలేవి. ఆయన బిడ్డ మౌలాబీ తల ఎప్పుడూ తెల్లగా ఉండేది. "ముసలవ్వా, నీ పెనిమిటేడే?" అని ఏడిపిస్తే, "నీ బాపు లెక్క పల్టన్ల కలిసిండు" అనేది.

నిజాం రాజ్యపు ఆఖరి ఎండాకాలం, ఆయన పక్షం బందూకుల మూక ఒకటి ఊరి మీద పడింది. భజనలో మృదంగం వాయించే మల్లయ్య పెద్దనాయన కొడుకును పట్టుకుపోయింది. ఆ పిలగాడు తిరిగి రాలేదు, మృదంగం మళ్లీ మోగలేదు. గుట్టల్లో ఎవరివో తుపాకులు పేలేవి. జొన్నచేనులో గాలి కదిలినా పెద్దవాళ్లు మాట ఆపేసేవారు.

భాద్రపదంలో యూనియన్ మిలట్రీ వచ్చింది, నిజాం లొంగిపోయాడన్నారు. బందూకు అక్కడే అప్పజెప్పి, బాపు పట్నం నుంచి నడిచి వచ్చాడు. ఊళ్లో ఎవరూ పలకరించలేదు. మాల వేసుకుని ఇంట్లోనే కూర్చున్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం, పెంక మీద రొట్టె ఉండగానే, ఖాసిం కాక పెండ్లాన్ని, మౌలాబీని పట్టుకుని దొడ్డిదారిన వచ్చాడు.

"అన్నా, గొడ్డండ్లు పట్టుకొని వస్తున్నరు. తురకోడు ఒక్కడు మిగలొద్దంటున్నరు."

అమ్మ వాళ్లను వడ్లగుమ్మి వెనక్కి తోసింది. మౌలాబీకి వెక్కిళ్లు పట్టాయి. నేను ఆమె నోటి మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. బాపు సందుగ తెరిచి ఖాకీ తీశాడు.

"గా బట్టలు చూస్తే ముందుగాల నిన్నే నరుకుతరు!" అంది అమ్మ.

"పారా నిలబడుడు నాకు గీ బట్టలల్లనే వచ్చు."

"మాలన్న తియ్యి. దేవుడు చూస్తుండు."

"ఇయ్యాల చూడనియ్యి."

అక్కడినుంచే తలుపు సందులో నాకు గడప కనిపించింది. బాపు ఖాకీ మీద మాలతో, ఒట్టి చేతులతో నిలబడ్డాడు. గుంపు ముందర మల్లయ్య, చేతిలో గొడ్డలి, ఛాతీ మీద తులసిమాల.

"జరుగు నర్సింలూ. నా కొడుకును గుంజుకపోయిన నాడు గీ బట్టలేసుకొని యాడున్నవ్?"

"పల్టన్లనే ఉన్న, మల్లన్నా."

బాపు మెట్టు దిగి, భజనలో వంగినట్టే వంగి మల్లయ్య పాదాలు ముట్టాడు. ఆయన మెడ సరిగ్గా గొడ్డలి కింద ఉంది. నేను కళ్లు మూసుకున్నాను. అరచేతిలో మౌలాబీ వెక్కిళ్లు. వెనకనుంచి ఎవరో "ఏందే మల్లన్నా, మొక్కులు తర్వాత!" అని అరిచారు.

కళ్లు తెరిచేసరికి బాపు ఇంకా వంగే ఉన్నాడు. చాలాసేపటికి మల్లయ్య గొడ్డలి మెట్టు మీద ఠంగుమంది. తనూ మొక్కడానికి వంగాడు గానీ పాదాల దాకా రాలేక, సగంలోనే కూలబడి కొడుకు పేరు పెట్టి ఏడ్చాడు.

గుంపు మా గడప తొక్కలేదు. పక్కింట్లో దూరి విల్లు విరగ్గొట్టి దూదికి నిప్పు పెట్టింది. ఆ పొగ మూడు రోజులు మా నోట్లో ఉంది. వారం తర్వాత ఖాసిం కాక వాళ్లు తుక్కుగూడ దిక్కు చుట్టాల ఊరికి పోయారు. పొలిమేర దాకా బాపు బండి పక్కన నడిచాడు.

బాపు మళ్లీ ఖాకీ తొడగలేదు, మాల తీయలేదు. ప్రతి ఏకాదశికీ మల్లయ్య వాకిట్లో పోయి కూర్చునేవాడు. పెద్దదాన్నయ్యాక ఒకసారి అడిగాను, మాల వదలవు, ఆ వాకిలి వదలవు, ఇంకా దేనికి భయమని.

"కండ్లు మూసుకొమ్మన్నప్పుడల్లా పాండురంగడు మూసుకున్నడో లేదో, బిడ్డా."

ఆ ఇల్లు ఇప్పుడు లేదు, కొయ్యా లేదు. ఏకే విల్లు చప్పుడు విన్నవాళ్లు మా వాడలో నేనొక్కదాన్నే. యాభై దాటాక అక్షరాలు నేర్చుకుని పలక మీద మౌలాబీ పేరు రాశాను. ఎక్కడుందో, ఉందో లేదో తెలియదు.

కిరాయి పిల్ల డ్యూటీకి పోతూ మెడలోని తాయెత్తు తీసి మేకుకు తగిలిస్తుంది, గేటు దగ్గర ఒప్పుకోరట. "పోయొస్త అవ్వా" అంటుంది. ఆమె తిరిగి వచ్చి దాన్ని మెడలో వేసుకునేదాకా నేను ఆ మేకు వైపే చూస్తూ కూర్చుంటాను.