తట్టి చూడని రేకు

యా ఫ్రిమ్‌పోమా దగ్గరికి వచ్చే బండ్లన్నిటికీ ఒకటే జబ్బు. బోల్టు తిరుగుతూనే ఉంటుంది. బిగుసుకోదు, ఊడి రాదు. రేకు వెనక కంటికి కనపడని చోట దాన్ని పట్టుకుని ఉండాల్సిన నట్టు గూడు తుప్పుపట్టి విరిగిపోతుంది. నట్టు కూడా బోల్టుతో పాటు గిరగిరా తిరుగుతుంది. వెనక నుంచి చెయ్యి పెడదామంటే దారి ఉండదు. రెండు రేకుల మధ్య బెత్తెడు సందు, అదీ నాలుగు వైపులా మూసేసి ఉంటుంది. కుమాసిలో మా సుఆమె పేటలో ఇంజను విప్పేవాళ్లు, రంగు కొట్టేవాళ్లు, సొట్టలు తీసేవాళ్లు వేలల్లో ఉన్నారు. ఆ బెత్తెడు సందులో పనిచేసే మనిషి మాత్రం మా షెడ్ల లైన్లో ఆవిడ ఒక్కతే.

నట్టు అందే చోట ఉంటే పక్కన చిన్న బెజ్జం వేసి, సైకిల్ బ్రేకు తీగకి కొత్త నట్టు గుచ్చి, చేపకి గాలం వేసినట్టు లోపలికి దించి పైకి లాగుతుంది. అందకపోతే పాతదాన్ని డ్రిల్లుతో తొలిచేసి, ఆ బెజ్జంలో గొట్టంలాంటి నట్టు దూర్చి, రెండు పానాలతో బోల్టు బిగిస్తుంది. బిగిస్తున్నకొద్దీ గొట్టం రేకు వెనక ఉబ్బి కరుచుకుంటుంది. ఎక్కడా మంట వాడదు. మంట తగిలితే రంగు పొక్కుతుంది, లోపలి వైర్లు కాలతాయి, సీట్ల స్పాంజి కంపు కొడుతుంది అంటుంది.

ఈ మాట ఎదురు షెడ్డులో వెల్డింగు చేసే నిమాకోకి గిట్టదు. మంటతో అతకనిది అతుకే కాదని అతని సిద్ధాంతం. ఇరవై ఏళ్లుగా రోజూ పొద్దున్నే ఇద్దరికీ ఇదే వాదన.

"అక్కా, ఇవాళ ఎన్ని బండ్లకి బొత్తాలు కుట్టావు?" అంటాడతను.

"నువ్వు నిన్న తగలబెట్టినవాటికంటే రెండు ఎక్కువే తమ్ముడూ" అంటుందావిడ.

ఆవిడకి యాభై దాటాయి. పని నేర్చుకుంటానని వెళ్లినప్పుడు ఆడపిల్లకి పానా ఎందుకని మేస్త్రి గుమ్మంలోనే ఆపాడట. అప్పుడే ఒక కారు హెడ్‌లైటు గుంటలో వాషరు పడిపోయి, దాన్ని తీయలేక నలుగురు మగవాళ్లు అవస్థ పడుతున్నారట. ఆవిడ మోచేతి దాకా చెయ్యి దూర్చి తీసి ఇచ్చింది. మేస్త్రి గుమ్మంలోంచి పక్కకి జరిగాడు. నాలుగేళ్లు నేర్పాడు. మొదట నేర్పినది డ్రిల్లు పట్టుకోవడం కాదు. బెజ్జం వేసేముందు పానా తోకతో రేకుని తట్టి వినమన్నాడు. ఇనుమైతే మోగుతుంది. లప్పం పూసి రంగేసినదైతే మూగగా ఉంటుంది. లప్పంలో ఏ నట్టూ నిలవదు.

ఈ ఊరి బండిని ఆవిడ తట్టకుండా ముట్టుకోదు. ఇక్కడ తిరిగిన బండికి రోడ్డు మీద ఏం జరిగిందో రేకే చెబుతుంది. ఓడ దిగిన బండి సంగతి వేరు. తెమా రేవు నుంచి నేరుగా వచ్చి, అద్దం మీద పరాయి దేశం కాగితం ఇంకా ఊడని బండిని మా పేటలో ఎవరూ తట్టరు. తడితే అవమానం. అక్కడివాళ్లు పాడైన బండిని పారేస్తారు గానీ అతుకులు వెయ్యరని మా అందరి నమ్మకం. పెళ్లికూతురి పళ్లు లెక్కపెడతామా?

అలాంటి బండే జాసి తెచ్చాడు. అతను ట్రోట్రో, అంటే దారిలో జనాన్ని ఎక్కించుకునే వ్యాను నడుపుతాడు. కొత్తగా కొన్న వ్యానుకి పక్కకి జారే తలుపు ఊగుతోందన్నాడు. తలుపు జారే పట్టాని బండి ఒంటికి పట్టి ఉంచే నాలుగు బోల్టులూ ఉత్తినే తిరుగుతున్నాయి. యా పాత నట్లు తొలిచేసి, నాలుగు కొత్తవి గంటలో వేసి పంపేసింది. పదకొండు రోజుల తర్వాత టాఫో కూడలిలో తలుపు తీస్తుండగా పట్టా ఊడి వచ్చింది. తలుపు జారిపోయి, బండెక్కబోతున్న అచియా అనే టొమాటోల ఆవిడ పాదం మీద పడింది. రెండు ఎముకలు విరిగాయి.

మా లైనుకో కట్టుబాటు ఉంది. ఎవరి పని వల్ల మనిషి ఎముక విరిగిందో, తప్పు వాళ్లదేనని తేలితే వాళ్ల పనిబల్ల లేపేసి వెళ్లగొడతారు. ఇంకే లైనూ వాళ్లకి చోటివ్వదు. జాసి ఆ కట్టుబాటు పట్టుకునే లైను పెద్ద నానా దార్క్వా దగ్గరికి వెళ్లాడు. ఫ్రిమ్‌పోమా బల్ల తియ్యాలన్నాడు.

మంగళవారం పొద్దున పనులు మొదలుకాకముందే నానా షెడ్డు ముందర అందరం చేరాం. వ్యానుని కూడా తోసుకొచ్చి పెట్టారు. పెద్దాయనతో ఎవరూ నేరుగా మాట్లాడకూడదు. ఏ మాటైనా మాట మోసేవాడి చేతిలో పెట్టాలి. అతను దాన్ని శుభ్రం చేసి పెద్దాయనకి అందిస్తాడు. మా లైన్లో మాట మోసేవాడు నిమాకోనే.

జాసి గుండెలు బాదుకుంటూ, ఈ ఆడమనిషి నట్లు గడ్డిపరకలనీ, తన పొట్ట కొట్టిందనీ, ఆవిడ పానాలు కాలవలో పడెయ్యాలనీ అన్నాడు. నిమాకో అంతా విని పెద్దాయన వైపు తిరిగాడు.

"నానా, డ్రైవరు గారి మనసు నొచ్చుకుంది. తలుపు సంగతి ఒకసారి చూడమని మనవి చేస్తున్నారు."

జనం నవ్వారు. నానా నవ్వలేదు. అయినా గాలి ఎటు వీస్తోందో అందరికీ తెలుస్తూనే ఉంది. ట్రోట్రో తలుపులని కాలితో తన్ని మూస్తారని ఎవరో అన్నారు. పదకొండు రోజుల్లో ఎన్ని వేలసార్లు తన్ని ఉంటారో అని ఇంకొకరు అందుకున్నారు. ఆవిడ మా లైను మనిషి, జాసి బయటివాడు. పోయిన పెద్దల పేరున నేల మీద నాలుగు చుక్కల సారా వంచి, డ్రైవరుని జాగ్రత్తగా ఉండమని చెప్పి లేచిపోవడమే మిగిలింది. అప్పుడు యా లేచి, వ్యాను పక్కరేకు కోసి చూపించమని అడిగింది.

అవసరం లేదని నానా కబురు. తనకి అవసరమని ఆవిడ జవాబు. రేకు వెనక ఉన్నది చూడకుండా తన నట్టు మంచిదో చెడ్డదో తనకే తెలియదంది. నిమాకో గొణుక్కుంటూ వెళ్లి కోత మిషను తెచ్చాడు. రేకు కోసి, నేల మీద పరిచాడు.

నాలుగు నట్లూ చెక్కుచెదరలేదు. నాలుగూ పళ్లు బిగించినట్టు కరుచుకునే ఉన్నాయి. కరుచుకున్నది మాత్రం ఇనుము కాదు. ఏదో నూనె డబ్బా కత్తిరించిన పల్చటి రేకు, దాని మీద వేలు మందాన లప్పం, ఆ పైన నున్నటి తెల్ల రంగు. తలుపు బరువుకి ఆ అతుకే నట్లతో సహా అంచుల దగ్గర విడిపోయింది.

డబ్బా రేకు చేతులు మారింది. ఓడ బండ్ల దేశంవాళ్లు కూడా మనలాంటివాళ్లేరా అని జనం పగలబడి నవ్వారు. నట్లు గట్టివేనని తేలిపోయిందన్నారు. జాసి తల దించుకున్నాడు. ఆవిడ గెలిచింది.

ఆవిడ కూర్చోలేదు.

"నిమాకో, నానాకి చెప్పు. బెజ్జం వేసేముందు నేను తట్టి చూడలేదు. తడితే తెలిసేది."

నిమాకో పెద్దాయన వైపు తిరిగాడు. "నానా, అక్క అంటున్నదేమిటంటే, ఓడ బండి మనందరినీ మోసం చేసింది."

"నేను అన్నది అది కాదు. అన్నది అన్నట్టు చెప్పు."

నవ్వులు ఆగిపోయాయి. మాట మోసేవాణ్ణి పదిమందిలో సరిదిద్దడం మాలో లేదు. నిమాకో ఆవిడ దగ్గరికి రెండడుగులు వేసి గొంతు తగ్గించాడు. ముందు వరసలో ఉన్న మాకు వినపడింది.

"అక్కా, బల్ల పోతుంది."

"తెలుసు. చెప్పు."

అతను చెప్పాడు. ఒక్క ముక్క కూడా తియ్యకుండా, కలపకుండా చెప్పాడు. ఇరవై ఏళ్లలో అతను అలా చెప్పడం అదే మొదలు.

నానా ఆ డబ్బా రేకుని తెప్పించుకుని తిరగేసి చూశాడు. తర్వాత, ఇప్పుడేం కావాలో జాసినే అడగమన్నాడు. జాసి బిత్తరపోయాడు. పోట్లాటకి వచ్చినవాడికి ఎదుటి మనిషి తప్పు ఒప్పుకుంటుందన్న ఊహ లేదు. కాసేపు చెవి గోక్కున్నాడు.

"ఆమె బల్ల తీసేస్తే నా తలుపెవరు బిగిస్తారు? ఆమే బిగించాలి. మొదటి ట్రిప్పులో తలుపు పక్క సీట్లో ఆమే కూర్చోవాలి. తలుపు నిలిచిందా, బల్ల ఉండనీ. ఊడిందా, ఆమె కాలి మీదే పడనీ."

నానా సరేనన్నాడు. ఆ లోపల అచియా దగ్గరికి ఆవిడే స్వయంగా వెళ్లాలన్నాడు.

ఆ సాయంత్రమే యా, మా వైపు మన్నింపు అడగడానికి తీసుకెళ్లే గుడ్లూ, నూనె కలిపి మెదిపిన కంద ముద్దా పట్టుకుని వెళ్లింది. అచియా కట్టు కట్టిన కాలు బల్ల మీద పెట్టుకుని ఉంది. గుడ్లు లెక్కపెట్టి తీసుకుంది. క్షమించానని అనలేదు. ఈ కాలితో టొమాటో గంప ఎన్నాళ్లకి మోస్తానో నీకేమైనా తెలుసా అని అడిగింది. తెలియదని యా ఒప్పుకుంది. చీకటి పడేదాకా అక్కడే కూర్చుందని ఆ ఇంటివాళ్లు చెప్పారు.

మర్నాడు వ్యానుని ముక్కు నుంచి తోక దాకా తట్టింది. ఇంకో రెండు చోట్ల లప్పం దొరికింది. కుళ్లినంత మేరా నిమాకో కోసేసి దిట్టమైన రేకు అతికాడు. తన మంట అవసరం పడిందని ఒక్కసారైనా అంటాడని చూశాం. అనలేదు. అది చల్లారాక ఆవిడ నాలుగు బెజ్జాలు వేసి నాలుగు నట్లు బిగించింది. పక్కన ఇంకో రెండు వేస్తే మంచిదని నిమాకో అంటే, వేసింది.

గురువారం సుఆమె నుంచి కెజెటియా దాకా మొదటి ట్రిప్పు. యా తలుపు పక్కన కూర్చుని పట్టా మీద అరచెయ్యి ఆనించింది. స్టాపు వచ్చినప్పుడల్లా తలుపు జరుగుతోంది, మనుషులు దిగుతున్నారు, ఎక్కుతున్నారు. లోపలికి జరగమని ప్రతివాళ్లూ విసుక్కుంటున్నారు. ఆవిడ కదలడం లేదు. టాఫో కూడలిలో గంపతో ఎక్కిన ఒకావిడకి కోపం వచ్చింది.

"సీటుకి అతుక్కుపోయావా ఏంటమ్మా? జరుగు!"

"ఆమెని జరపకమ్మా" అన్నాడు జాసి ముందు నుంచి. "ఆ తలుపు ఆమెదే."

కెజెటియాలో బండి ఖాళీ అయింది. జాసి దిగి వచ్చి తలుపు తానే తీసి, వేసి, మళ్లీ తీశాడు. వంగి ఆరు బోల్టులూ వేలితో తడిమాడు. నానాకి తాను చెబుతాననీ, ఆమె దిగి పనికి వెళ్లొచ్చనీ అన్నాడు.

ఆవిడ దిగలేదు. టాఫో మీదుగానే వెనక్కి వెళ్లే ట్రిప్పుకి జనం ఎక్కుతున్నారు. అదే సీట్లో, అదే పట్టా మీద చెయ్యి ఆనించి కూర్చుంది.