తిరుగుడు ఉద్యోగం

మా నాన్న దృష్టిలో పని అంటే నిలబడి చేసేది. ఒకే కార్ఖానాలో, ఒకే లేతు మిషన్ ముందు ముప్పై ఏళ్ళు నిలబడిన మనిషి ఆయన. నేనేమో పుట్టుకతోనే కాలికి బలపం కట్టుకొచ్చాను. ఇల్లిల్లూ తిరిగి నీళ్ళ ఫిల్టర్లు అమ్మాను, కరెంటు మీటర్లు చూశాను. "మీ అబ్బాయి ఏం చేస్తాడండీ?" అని ఎవరైనా అడిగితే నాన్నది ఒక్కటే మాట.

"తిరుగుతాడు."

అబద్ధం కాదు కాబట్టి కోప్పడే వీలు కూడా లేదు. నలభై దాటినా నాకు మిగిలిన కోరిక ఒకటే, ఆయన నోట "మావాడు పని చేస్తాడు" అన్న మాట వినడం.

అలాంటి సమయంలో సర్కారు సర్వేలో కాంట్రాక్టు దొరికింది. దేశంలో ఎంతమందికి పని ఉందో ఇల్లిల్లూ తిరిగి రాసుకోవాలి. మళ్ళీ తిరుగుడే, కాకపోతే ఈసారి మెడలో కార్డు, చేతిలో ట్యాబు. "పని ఉన్నవాళ్ళ సంఖ్యే దేశానికి నాడి. ఆ నాడి పట్టుకునేది మీరే" అని శిక్షణలో పెద్దాఫీసరు చెప్పాడు. అంతే, నాకు కొమ్ములొచ్చాయి. ఇంటికొచ్చి, "నాన్నా, నేనిప్పుడు దేశం నాడి చూస్తున్నాను" అన్నాను. ఆయన తలెత్తకుండానే, "ముందు వంటింట్లో కారుతున్న ఆ పైపు చూడు" అన్నాడు. చూశాను. నేను చూశాక ఇంకాస్త ఎక్కువ కారింది.

మా లెక్కకో నియమం ఉంది. పోయిన వారంలో డబ్బు కోసం ఒక్క గంట పని చేసినా సరే, వాళ్ళు పని ఉన్నవాళ్ళ కిందే జమ. నేను అసలే ఉత్సాహవంతుణ్ణి. "ఖాళీగానే ఉన్నానండీ" అన్నవాళ్ళని కూడా వదిలేవాణ్ణి కాదు. గుచ్చి గుచ్చి అడిగి, డబ్బు తీసుకుని పక్కింటి పిల్లలకి ఒక్క పాఠం చెప్పినవాళ్ళనీ, కూలికి ఎవరిదో గోడకి సున్నం కొట్టినవాళ్ళనీ పట్టుకుని ఆ జాబితాలో చేర్చేవాణ్ణి. నా వీధులన్నీ ఉద్యోగాలతో కళకళలాడాయి.

సంఖ్య పైకెక్కాక పెద్దాఫీసరు మమ్మల్ని పిలిచి మిఠాయి పంచాడు. దేశం ఆరోగ్యంగా ఉంది కాబట్టి నాడి చూసేవాళ్ళు ఇంతమంది అక్కర్లేదన్నాడు. కూర్చున్న కొమ్మను నరుక్కున్నవాళ్ళ గురించి విన్నాను గానీ, అంత శ్రద్ధగా నరుక్కున్నది నేనొక్కణ్ణే అనుకుంటాను.

ఉద్యోగం పోయిందని నాన్నకు చెప్పాను. "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ"లో తిట్టు ఎక్కడైనా ఉందేమోనని చాలా రోజులు వెతికాను. దొరకలేదు.

తర్వాతి విడత సర్వేకి మా ఇల్లే తగిలింది. నన్నెరగని అమ్మాయి ఒకతె ట్యాబు పట్టుకుని వచ్చింది. నేను ముందుగదిలోనే ఉండి, లేనట్టు మొహానికి పేపరు అడ్డం పెట్టుకున్నాను. నాన్న చెప్పబోయే మాట నాకు తెలుసు. ఊరంతా విన్నదే, ఇక సర్కారు కూడా వింటుంది.

"బాబాయిగారూ, పోయిన వారం మీ అబ్బాయి ఏదైనా పని చేశారా?"

"చేశాడమ్మా" అన్నాడు నాన్న.

పేపరు అంచు మీంచి తొంగి చూశాను.

"ఏం పనండీ?"

"నీ పనే. ఇల్లిల్లూ తిరిగి, పని ఉన్నవాళ్ళని లెక్కపెడతాడు. తేలికేం కాదు. సాయంత్రానికి కాళ్ళు వాచిపోతాయి మావాడికి."

వెంట్రుకవాసి తేడా వచ్చినా చేసిన ముక్కని తుక్కులో పారేసే మనిషి, అంత నిబ్బరంగా అబద్ధం చెప్పేశాడు. ఆ అమ్మాయి నావైపు తిరిగి, "అంతేనా అన్నయ్యా?" అంది. కాదనాలి. నిజమే చెప్పండి అని గుమ్మం గుమ్మానికీ నీతులు చెప్పినవాణ్ణి నేను. నాకు ఏడుపొచ్చేలా ఉంది. తలూపాను.

ఆ అమ్మాయి వెళ్ళాక, "అది తప్పు లెక్క నాన్నా" అన్నాను.

"పని కోసం రోజూ తిరుగుతున్నావుగా, అది మాత్రం పని కాదా?"

కాదు. మా నియమం ప్రకారం పని కోసం తిరిగేవాడే అసలు సిసలు నిరుద్యోగి. ఆ మాట ఆయనకు చెప్పలేదు.

ఈసారి పేపర్లో పని ఉన్నవాళ్ళ సంఖ్య కనబడితే అందులోంచి ఒకటి తీసేసి చదువుకోండి. ఆ ఒక్కటీ మా నాన్న చేర్చింది.