వెనక గోడ లేని ఇల్లు

ఫిల్మ్‌నగర్‌లో సినిమా సెట్లకు చెక్కపని చేస్తాను. చదివింది ఐదో తరగతి. ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా పనిలో ఒక బాధ ఉంది. కోట కట్టినా, పూరిల్లు కట్టినా షూటింగ్ అయ్యాక పడగొట్టేస్తారు. పడగొట్టేదీ మేమే. మేకులు పీకి, పనికొచ్చే చెక్క లారీ ఎక్కిస్తాం, మిగతాది పొయ్యిలోకి పోతుంది. ఇది నేను చేశానని చూపించడానికి నా దగ్గర ఒక్క వస్తువూ లేదు. మా ఆవిడని సినిమాకి తీసుకెళ్లి "అదిగో, ఆ తలుపు నాదే" అనేలోపు హీరో దాన్ని తన్నుకుని లోపలికి వచ్చేస్తాడు.

జూబ్లీహిల్స్‌లో ఒక సార్ ఉన్నారు. సినిమాల్లో సౌండు పని చేసి మానేశారు. ఆయన మేడ మీది గదిలో పెద్ద బల్ల, దాని మీద బొటనవేలంత బొమ్మ సైనికులు. ఆదివారం టోలిచౌకి నుంచి ఆయన స్నేహితుడు వస్తారు. ఇద్దరూ చెరోవైపు కూర్చుని, పాచికలు వేసి, స్కేలుతో కొలిచి సైనికుల్ని జరుపుతూ యుద్ధం ఆడతారు. ఆ బల్ల మీదికి చెక్కతో కొన్ని ఇళ్లు, ఒక కొండ చేసిపెట్టమని సార్ అడిగారు.

"సింపుల్‌గా చాలు మేస్త్రీ. ఇవి ఎప్పటికీ నా దగ్గరే ఉంటాయి. పడగొట్టే పని లేదు."

ఆ చివరి మాట నన్ను పట్టుకుంది. నేను చేసింది ఒక్కటైనా ఎక్కడో ఒకచోట ఉండిపోతుందంటే ఎవరికి ఆశ పుట్టదు?

సింపుల్‌గా అన్నారు కానీ నేను ఆగలేదు. ఇళ్ల ముందు అరుగులు పెట్టాను. తలుపులకి గడియలు, కిటికీలకి ఊచలు పెట్టాను. పెంకుల కప్పు కోసం పలచటి చెక్క పేళ్లు కోసి, ఒక్కో పెంకూ విడిగా అతికించాను. మా ఆవిడది ఎర్రగడ్డ. ఒక ఇల్లు చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"ఏందయ్యా, ఎనక గోడ లేదు?"

"వెనక రీపర్ కర్రలు కొట్టాను కదా, పడదులే."

"పడుడు గాదు. ముందట పెళ్లికూతురు లెక్క ఉంది, ఎనక బోడిగుంది. గిట్లనే ఇస్తవా?"

"అటువైపు కెమెరా రాదే."

ఆ మాట నా నోట్లోంచి దానంతటదే వచ్చింది. సెట్టులో వెనక గోడ కడితే ఆర్ట్ డైరెక్టర్ తిడతాడు, చెక్క దండగ అని. కెమెరా చూసేది ఒక్కటే వైపు. వెనక కర్రలు పెట్టి నిలబెట్టడమే. నా చేతులకి అలవాటైన ఇల్లంటే అదే.

ఆదివారం పట్టుకెళ్లాను. సార్ మురిసిపోయి బల్ల మీద పెట్టుకున్నారు. ఎదురుగా కూర్చున్న స్నేహితుడు తలగోక్కున్నారు.

"అరే మేస్త్రీ, నా దిక్కు కర్రలే కనబడుతున్నయ్. నా సిపాయిలు ఏడ దాక్కోవాలె? జర చెప్పు, కెమెరా ఏడ పెట్టినవ్?"

సార్ కూడా నవ్వారు. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. మా ఆవిడ మాట విన్నా బాగుండేది.

"వెనక గోడ పెట్టి తెచ్చేస్తానండి," అన్నాను.

"అలాగే, కప్పు కూడా పైకి లేవాలి మేస్త్రీ. సైనికుడు ఇంట్లోకి వెళ్తే లోపల పెట్టాలి కదా," అన్నారు సార్.

ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా అనుకుంటూ ఇళ్లన్నీ సంచిలో సర్దుకున్నాను. కప్పుల్ని జిగురు పెట్టి, మేకులు కొట్టి బిగించేశాను. ఇంటికి తెచ్చి ఉలి పెట్టి లేపితే పెంకుల వరసలు పెళపెళా ఊడిపోయాయి. పడగొట్టే పని లేదన్నారు. మొదట పడగొట్టింది నేనే. ఒక్క ఇంటిని మాత్రం ముట్టుకోబుద్ధి కాక పక్కన పెట్టి, మిగతావాటికి వెనక గోడలు, లేచే కప్పులు పెట్టాను. పెంకులు మళ్లీ కోసే ఓపిక లేక బల్లచెక్కే వేసేశాను.

కొండైనా బాగా రావాలని పంతం పట్టాను. ఈ చుట్టుపక్కల ఇళ్ల కోసం పగలగొట్టగా మిగిలిన కొండ బండలు ఉన్నాయి కదా, వాటిని చూసొచ్చి అలాగే గుండ్రంగా చెక్కాను. చిత్రికపట్టి, గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేశాను. తీసుకెళ్లి ఇస్తే సార్ దాని మీద ఒక సైనికుణ్ణి నిలబెట్టారు. జారి పడ్డాడు. ఇంకొకణ్ణి పెట్టారు. వాడూ జారాడు.

"మెట్లు మెట్లుగా చెయ్యండి మేస్త్రీ."

"కొండకి మెట్లేంటండి? కొండలా ఉండదు."

"వీళ్లు నిలబడాలి కదా."

ఒళ్లు మండింది. ఇంటికొచ్చి, మిగిలిన ప్లైవుడ్ ముక్కలు పెద్దది కింద, చిన్నది పైన పెట్టి ఒకదాని మీద ఒకటి అతికించాను. అంచులు కూడా రుద్దలేదు. ఇడ్లీరేకులు పేర్చినట్టు ఉంది. కోపంలో చేసిందని చూడగానే తెలిసిపోతుంది. అలాగే తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను.

సైనికులందరూ నిలబడ్డారు.

సార్ మొహం వెలిగిపోయింది. స్నేహితుడు వంగి అటూ ఇటూ చూసి "అబ్బ, ఇది కొండంటే" అన్నారు. అరుగుల గురించి, గడియల గురించి అడిగినవాళ్లు లేరు. లేచిన కప్పులు బల్ల చివర వెల్లకిలా పడి ఉన్నాయి. ఒకదాంట్లో పల్లీల పొట్టు పోసుకున్నారు.

"సార్, ఆ కొండ ఒకసారి ఇవ్వండి. అంచులైనా నున్నగా రుద్ది తెస్తాను."

"వద్దు మేస్త్రీ, ముట్టుకోకండి. ఇది ఇలాగే ఉంటుంది."

పెంకులూడకుండా మిగిలిన ఆ ఒక్క ఇల్లూ ఇప్పుడు మా టీవీ పక్కన ఉంది. బోడి వీపు కనబడకుండా మా ఆవిడ దాన్ని గోడకి ఆనించి పెట్టింది. మా వాటాలో సున్నం వేసేటప్పుడల్లా అది కిందికి దిగాలి, పైకి ఎక్కాలి, దిగినప్పుడల్లా ఒక ఊచ విరుగుతోంది. ఎన్నాళ్లుంటుందో తెలియదు. సార్ ఇంట్లో కొండకి ఆ బాధ లేదు. ఎప్పుడు వెళ్లినా బల్ల మధ్యలో అలాగే ఉంటుంది. దాన్ని చూసినప్పుడల్లా నా చేతులు గరుకు కాగితం కోసం తడుముకుంటాయి.