కెమెరా ముందు బోణీ

మా ఊళ్లో గురువారం గురువారం జరిగే అంగడికి ఒక కట్టుబాటు ఉంది. వారం వారం కూర్చునే జాగాలో అంగడి రోజు బోణీ కాకపోతే, పై వారం ఆ జాగా ముందుగా వచ్చి గోనె పరిచినవాళ్లది. దీనికి కాగితం లేదు, సంతకం లేదు. అయినా ఎవరూ దాటరు. పాత రాతి కమాను పక్కనున్న నాలుగు మూరల జాగా మా అవ్వది, ఆమె తర్వాత అమ్మది, ఇప్పుడు నాది. పశువులకు కట్టే పలుపులు, పగ్గాలు, మేకల మెడ గంటలు అమ్ముతాను.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు సినిమావాళ్లు మా ఊరు వచ్చారు. కోస్గి దాకా వెతికినా ఇలాంటి కమాను దొరకలేదట. దాని ముందు నిజాం కాలం నాటి సంత తీస్తామన్నారు. సంత కళ ఉండాలని గురువారమే పెట్టుకున్నారు. అంగడంతా ఎప్పటిలాగే సాగుతుంది, కమాను దగ్గర కూర్చునే నలుగురం మాత్రం లేవాలి. మా చోట వాళ్ల మనుషులు వేషాలు వేసుకుని కూర్చుంటారు.

మిగతా ముగ్గురి జాగాల మీద ఎవరి కన్నూ లేదు, వాళ్లు సరేనని బడి మైదానంలోకి పోయారు. నైలాన్ తాళ్లు అమ్మే పక్క ఊరి మనిషి రెండు వారాలుగా నా జాగా వైపు చూస్తూ ఉన్నాడు. ఈ ఒక్క వారానికి కట్టుబాటు పక్కన పెట్టమని అంగడి పెద్దమనిషిని అడిగాను. సినిమా కోసం కట్టుబాటు మారదన్నాడు.

గురువారం తెల్లవారగానే నా జాగాలో గోనె పరిచాను, లేవమన్నా లేవలేదు. సినిమా మేనేజరు వచ్చాడు.

"ఏమ్మా, ఒక్క రోజే కదా. ఏం పోతుంది?"

"జాగా పోతది."

అంగడి వెనుకే మా లైబ్రరీ. బేరాలు లేని రోజుల్లో నేను అక్కడే ఉంటాను. పాత ఆదివారం సంచికలో ఇంగ్లండులోని ఒక చిన్న సంత ఊరి గురించి చదివాను. స్తంభాల మీద నిలబడ్డ రాతి మండపం, దాని చుట్టూ వందల ఏళ్ల నాటి ఇళ్లు. పాత కాలం కథ తీయాలంటే సినిమావాళ్లు అక్కడికే పోతారు. తారు రోడ్డు కనిపించకుండా మట్టి పోస్తారు, దుకాణాల బోర్డులు మూసేస్తారు. కానీ సంత రోజు వస్తే మాత్రం కెమెరాలే పక్కకు జరుగుతాయి, కూరగాయల బండ్లు జరగవు. ఇదంతా మేనేజరుకు చెప్పాను. అతను నవ్వాడు. ఇంగ్లండు సంగతులు నీకెవరు చెప్పారని అడిగాడు.

"ఎవరు చెప్పలే. సదువుకున్న."

"ఎంతవరకు చదివావేంటి?"

"బడిల ఏడు. లైబ్రరీల ఇంక అయిపోలే."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఈసారి నన్ను చూసి కాదు.

అప్పటికే సినిమావాళ్లు నా పక్కన పచ్చటి నైలాన్ తాళ్లు వేలాడదీశారు. నిజాం కాలంలో నైలాన్ ఎక్కడిదని అడిగాను. అప్పట్లో జనుము తాళ్లే ఉండేవని చెప్పాను. గొడుగు కింద కూర్చున్న డైరెక్టరు ఆ మాట విని లేచి వచ్చాడు. నా మూటలోంచి జనుము పలుపులు తీసి చూపించాను. అతను వాటిని చేత్తో తడిమి, నైలాన్ తీసేయించి, నన్నే అక్కడ కూర్చోమన్నాడు. అయితే షూటింగు అయ్యేదాకా ఏమీ అమ్మకూడదన్నాడు. అది ఎప్పటికి అవుతుందంటే, పొద్దు వాలాక. అప్పటికి అంగడి చెదిరిపోతుంది.

"అమ్మకుంటె నేను కూసున్నట్టు కాదు సారూ," అన్నాను. అతను వినకుండానే వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం దాటింది. తాళ్లు కట్టి జనాన్ని ఆపారు. నాకు కావలసిన గిరాకీ అంతా ఆ తాళ్ల అవతల ఉంది. తీసిందే మళ్లీ మళ్లీ తీస్తున్నారు. అంతలో భుజాన గొంగడి, నెత్తిన రుమాలు, చేతిలో కర్రతో ఒక గొల్ల పెద్దాయన నేరుగా నడిచి వచ్చాడు. వేషం వేసుకున్న తమ మనిషే అనుకుని కాపలావాళ్లు తోవ ఇచ్చారు. ఆయన మాత్రం ఎప్పటి బట్టల్లో ఎప్పటిలాగే అంగడికి వచ్చాడు. నా ముందు గొంతుక్కూర్చుని ఒక పలుపు లాగి చూశాడు.

"గట్టిగుంటదా బిడ్డా? మా దున్న కుదురుగ ఉండది."

"నీ దున్న తెగుతది గాని తాడు తెగది, పెద్దయ్యా."

బేరం తెగింది. ఆయన జేబులోంచి మడత నోటు తీశాడు. దాన్ని కళ్లకద్దుకున్నాను. అప్పుడు చూశాడు డైరెక్టరు, నోటు మీది గాంధీ బొమ్మను. మైకులో ఆపండి, ఆపండి అన్నాడు. మేనేజరు పరుగున వచ్చి, ఈ ముసలాయన ఎవరు, ఎవరు పంపారు అని కాపలావాళ్ల మీద విరుచుకుపడ్డాడు. పెద్దాయనకు ఏమీ అర్థం కాలేదు. పలుపు భుజాన వేసుకుని వచ్చిన తోవనే పోయాడు.

మేనేజరు నా వైపు తిరిగి, షాటంతా పాడుచేశావు, లేచి పో అన్నాడు. అంగడి పెద్దమనిషి జనంలోనే ఉన్నాడు. అతన్ని పిలిచి నన్ను లేపమన్నాడు. పెద్దమనిషి నా చేతిలోని నోటు చూశాడు, నన్ను చూశాడు.

"బోణీ అయింది సారూ. ఇగ గా జాగా ఆమెదే. లేపుడు నాతోని కాదు," అన్నాడు.

నేను గోనె అంచులు సరిచేసుకుని మళ్లీ కూర్చున్నాను.