వీపు మీద బొత్తాలు

"మా తాతకి చొక్కాకి ముందేదో వెనకేదో తెలీదట" అని మా అబ్బాయి ఇప్పటికీ చెప్పి అందర్నీ నవ్విస్తాడు. ఆ కథ వాడికి చెప్పింది నేనే. అది నిజం కాదు.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి, ఇక్కడి అండమాన్ సముద్రంలో వలలేసి బతికినవాడు. నేను ఆఫీసు గుమస్తాని. గరాచర్మలో ఉండేవాళ్లం. ఒక ఉదయం అబ్బాయికి టీకా వేయించడానికి పోర్ట్ బ్లెయిర్ వెళ్లాలి. వాడప్పుడే పాకడం నేర్చాడు. ఒక చెయ్యి చొక్కాలో దూర్చేసరికి రెండోదాంతో నేలని తోసుకుంటూ మంచం కిందికి పోతున్నాడు. నేనూ నా భార్యా చెమటలు కక్కుతుంటే నాన్న చొక్కా అందుకున్నాడు.

"అలగ లాగీకురా. ఎనకాల పడితే దొరుకుతాడేటి? ఆడే రావాల."

బొత్తాలు విప్పి, తెరిచిన వైపు పైకి ఉండేలా చొక్కాని చాప మీద పరిచాడు. దానికి అవతల ఒక శంఖం పెట్టాడు. పిల్లాడు శంఖం కోసం చొక్కా మీదికి పాకాడు. నాన్న చొక్కా చేతి చివర నుంచి రెండు వేళ్లు లోపలికి పంపి, కదలకుండా ఉన్నాడు. అవేమిటో చూద్దామని వాడే చెయ్యి దూర్చి పట్టుకున్నాడు. రెండో చెయ్యీ అంతే. నాన్న వాడి వీపు మీద బొత్తాలు పెట్టేశాడు. పిల్లాడు ఒక్కసారి కూడా ఏడవలేదు. గుమ్మంలో నిలబడి నేనంతా చూశాను.

బస్సులో మా ఆఫీసతను నవ్వాడు.

"ఏంటి భయ్యా, చొక్కా ఉల్టా తొడిగేశారు?"

"మా నాన్న పని. ముసలాయనకి ముందేదో వెనకేదో తెలీదు" అన్నాను.

నాన్న నా పక్క సీట్లోనే ఉన్నాడు. ఆ తర్వాత ఎప్పుడు పిల్లాడి చొక్కా చేతికిచ్చినా "నువ్వే తొడిగీమ్మా" అని కోడలికి ఇచ్చేసేవాడు. నాన్న పోయి చాలా ఏళ్లయింది.

మొన్న మనవడిని నాకు అప్పగించారు. చొక్కా తొడగబోయి మూడుసార్లు ఓడిపోయాక దాన్ని చాప మీద పరిచాను. శంఖం లేదు, కళ్లజోడు పెట్టె పెట్టాను. వాడు తలుపు వైపు పాకాడు. తిప్పి తెచ్చాను. నాన్న వేళ్లు ఎంత లోపలికి పెట్టాడు? ఎంతసేపు ఆగాడు? అడగాల్సిన రోజుల్లో అడగలేదు. చివరికి ఒక చిన్న పిడికిలి నా వేలిని పట్టుకుంది.

అప్పుడే అబ్బాయి లోపలికి వచ్చాడు.

"అయ్యో నాన్నా, నువ్వూ తాతలాగే ఉల్టా తొడుగుతున్నావేటి!"

"తాత తెలిసే తొడిగాడ్రా. ఆ సంగతి నాకూ తెలుసు."

వాడి నవ్వు ఆగింది. "మరి బస్సులో..."

మనవడి రెండో చెయ్యి ఇంకా బయటే ఉంది.

"కూర్చో, చెప్తాను" అన్నాను.