కుందేలుకు జాగా

బెంగాలీల ఊళ్ళో, రైల్వే క్యారేజీ షాపులో ముప్పై ఆరేళ్ళు ఫిట్టరుగా పనిచేసి రిటైరైన గణపతిరావుకు తెలియని కొలత లేదని పేరు. బోగీ తలుపు ఆవగింజంత వంగినా చేత్తో తడిమి చెప్పేసేవాడు. అలాంటి మనిషిని రెండు కిలోల కుందేలొకటి మూడు నెలలుగా మూడు చెరువుల నీళ్ళు తాగిస్తోంది.

కుందేలు ఆయనది కాదు, భార్య సత్యవాణిది. ఇందా పేటలో ఉండే బెంగాలీ స్నేహితురాలు ఊరు మారుతూ ఆమె చేతిలో పెట్టి వెళ్ళింది. ఒళ్ళంతా తెలుపు, మెడ కింద మాత్రం నల్లటి మచ్చ. తెల్ల యూనిఫాం వేసి టై కట్టుకున్న రైలు గార్డులా ఉందని సత్యవాణి దానికి గార్డుబాబు అని పేరు పెట్టింది. పెట్టి, ఫక్కున నవ్వింది. ఆమె నవ్వు విని అప్పటికి నాలుగేళ్ళు.

నాలుగేళ్ళంటే, రైల్వే క్వార్టరు ఖాళీ చేసి సుభాష్‌పల్లిలో ఈ రెండో అంతస్తు ఫ్లాటుకు వచ్చినప్పటి నుంచి అన్నమాట. క్వార్టరుకు పెరడుండేది. కోళ్ళు, బచ్చలిపాదు, గోడ మీంచి పక్కింటివాళ్ళతో పొద్దస్తమానం కబుర్లు. ఇక్కడేమో ఒక గది, ఒక హాలు, ఇద్దరు నిలబడితే మూడోవాడికి చోటు లేని వంటిల్లు, మడతమంచమంత బాల్కనీ. వచ్చిన కొత్తలో ఆయన “ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం” అని పరాచికమాడితే ఆమె నవ్వలేదు, కోప్పడనూ లేదు. దానికే ఆయన భయపడ్డాడు. ఆ తర్వాత అడిగినదానికి జవాబు తప్ప మాట లేకుండా పోయింది. ఇప్పుడు పొద్దున్న లేచింది మొదలు గార్డుబాబుతో వాగుతూనే ఉంది. ఆ వాగుడులో ఆయన వంతుకూ నాలుగు మాటలు వస్తున్నాయి. అందుకని ఆ కుందేలు ఈ ఇంట్లో నిలిచి తీరాలి. నిలవాలంటే దానికో ఇల్లు కావాలి.

గోల్‌బజార్‌లో చిలకల పంజరాలమ్మే బెంగాలీవాడు “కుందేలుకిదే పర్‌ఫెక్ట్, దాదా” అని అంటగట్టినదాంట్లో అది వెనక్కి తిరగడానికే లేదు. బాల్కనీలో పెడితే పడమటెండకు చెవులు వాల్చేసి నోరు తెరిచి రొప్పింది. హాల్లో వదిలితే ఫ్రిజ్జు వైరు కొరికింది. పైగా నున్నటి టైల్సు మీద నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు జారిపోయాయి.

“బజారు సరుకు బజారు సరుకే. ఒగ్గేయ్, నానే సేస్తాను,” అన్నాడు గణపతిరావు.

హాల్లో కిటికీ కింద ఆయన పని బల్ల ఉంది. ఐదడుగుల టేకు బల్ల, దానికి బిగించిన, సామాను కదలకుండా పట్టే ఇనప వైసు, కింద పనిముట్ల పెట్టెలు. ఈ నాలుగేళ్ళలో ఆ బల్ల మీద జరిగిన ఘనకార్యం రెండు స్టూళ్ళకు కాళ్ళు వేయడం, ఒక కుక్కరుకు పిడి బిగించడం. ఇన్నాళ్ళకు దానికో పని తగిలింది. బీరువాకూ మంచానికీ మధ్య ఇరవై రెండు అంగుళాల ఖాళీ ఉందని మూడుసార్లు టేపు పెట్టి చూసుకుని, ఎనిమిది రోజులు కూర్చుని గూడు కట్టాడు. ఇనప చట్రం, చుట్టూ తీగల జాలీ, అడుగునా జాలీయే. పెంటికలు కింది ట్రేలో పడిపోతాయి, ఇల్లు కంపు కొట్టదు. తీసుకెళ్ళి ఆ ఖాళీలో తోస్తే కాగితం దూరే సందు లేకుండా సరిపోయింది.

“అడుక్కి సెక్క ఏస్తే బాగుంతాది కాదేటండీ? దాని కాళ్ళు మెత్తన,” అంది సత్యవాణి.

“సెక్కేస్తే తడిసి కంపు కొడతాది. నీకేటి తెలుసు, ఊరుకో.”

“మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు,” అని ఆమె ఊరుకుంది.

ఇక మొదలైంది గరగర. గార్డుబాబు పొద్దంతా జాలీ కొరకడమే. ఉండటానికి గూడు, తినడానికి తోటకూర, ఇంకేం కావాలి దీనికని గణపతిరావు పళ్ళు నూరాడు. తలగడ చెవికి అడ్డం పెట్టుకున్నాడు. ఎనిమిది రోజుల పనితనాన్ని అది పళ్ళతో వెక్కిరిస్తున్నట్టుంది. మూడో వారం చూస్తే వెనక కాలొకటి కింద ఆనించడం లేదు. పాదం కింద బొచ్చు ఊడి, చర్మం ఎర్రగా పుండయి ఉంది.

ఇందాలో పశువుల డాక్టరమ్మ దగ్గరికి గణపతిరావే ఎత్తుకెళ్ళాడు. ఆమె కుర్రది. పుండుకు మందు రాసి, ఫోన్లో గూడు ఫొటో చూపించమని, చూసి, బాబాయిని పిలిచినట్టు కాకూ అంటూ హిందీలో అడిగింది. “పని బాగుంది కాకూ. కొలతలు దేనివి తీసుకున్నారు?”

“బీరువాకీ మంచానికీ మధ్య జాగాకి. ఇరవై రెండంగుళాలు, పక్కా.”

“కుందేలువి?”

గణపతిరావు ఫోను తన వైపు తిప్పుకుని ఆ ఫొటోనే మళ్ళీ చూశాడు. ఆమె చెప్పుకుపోయింది. వెనక్కాళ్ళ మీద లేస్తే చెవులు పైకి తగలకూడదు, మూడు గంతులు వేసేంత నిడివి ఉండాలి, కింద గట్టి నేల, దాని మీద మెత్తటి పరుపు, గడ్డి, దూరి దాక్కోవడానికో పెట్టె. “అంత జాగా లేకపోతే పెరడున్నవాళ్ళకు ఇచ్చేయండి. ఆ జాలీ మీదే ఉంచితే ఈ పుండు మానదు.”

ఇంటికొచ్చి చెబితే సత్యవాణి అంతా విన్నది. “ఇచ్చీదాం లెండి,” అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. సాయంత్రం దాకా ఇంట్లో మాట లేదు. ఆ నిశ్శబ్దం గణపతిరావుకు బాగా తెలిసినదే. డాక్టరమ్మ మీద, పంజరాలవాడి మీద, ఇంత ఇరుకు ఫ్లాటు కట్టినవాడి మీద వరసగా మండిపడ్డాడు. ఎవరి మీద మండిపడ్డా గది ఒక్క అంగుళం పెరగలేదు.

మర్నాడు టేపు తీసి ముందు కుందేలును కొలిచాడు. కొత్తిమీర కట్ట పైకెత్తి పట్టుకుంటే అది లేచి నిలబడ్డ ఎత్తెంతో, సాగి పడుకుంటే ఎంతో, గంతుకు ఎంతో. తర్వాత ఇల్లంతా కొలిచాడు. గదిలో లేదు, వంటింట్లో లేదు. నీడ పట్టున, గాలి తగిలే చోట అంత జాగా ఒక్కటే ఉంది, కిటికీ కింద, బల్ల ఉన్నచోట. లెక్క తప్పయితే బాగుండునని మళ్ళీ కొలిచాడు. తప్పలేదు. వైసు మరలు విప్పుతుంటే ఎవరో తన వేళ్ళు విప్పుతున్నట్టు బాధపడ్డాడు. బల్లను పాత షాపు స్నేహితుడు నూకరాజు వచ్చి పట్టుకెళ్ళాడు. పనిముట్ల పెట్టెలు గణపతిరావు కట్టిన జాలీ గూట్లోకే వెళ్ళాయి, అక్కడ అవి చక్కగా సరిపోయాయి. కిటికీ కింద చెక్క పరిచి, పాత జంపఖానా మడతపెట్టి వేసి, చుట్టూ మోకాలెత్తు కంచె కట్టి, దానికో చిన్న తలుపు పెట్టాడు.

“సూడు, జాగా దొరికింది,” అని పిలిచాడు.

సత్యవాణి గార్డుబాబును ఎత్తుకుని వచ్చి చూసింది.

“ఈ ఇంటికొచ్చిన మొదటి వారంలోనే అడిగినాను,” అంది. “ఆ బల్ల కాసింత జరపండి, కిటికీ కాడ పీటేసుకుని కూకుంతాను, రోడ్డు మీద మడుసులు కనపడతారని. జాగా లేదన్నారు.”

అడిగిందా? అడిగింది. అప్పుడాయన వైసు బిగిస్తున్నాడు. తల ఎత్తలేదు. టేపు జేబులోనే ఉంది, తీయలేదు.

కుందేలును దింపుతుందేమోనని కంచె తలుపు తెరిచి పట్టుకున్నాడు. సత్యవాణి కుచ్చెళ్ళు కాస్త ఎత్తి, కుందేలుతో సహా తనే లోపలికి వెళ్ళింది. జంపఖానా మీద చతికిలబడి, కిటికీ ఊచలకు తల ఆనించి, కిందకు చూస్తూ కూర్చుంది.

“తలుపేసీండి,” అంది ఆయన వైపు తిరక్కుండానే. “గార్డుబాబు బయటికొచ్చీగలడు.”